మానిటర్ 1024×768 దాటడం లేదు. కస్టమ్ రిజల్యూషన్ పెట్టొచ్చా? 75 హెర్ట్జ్‌కు పెంచితే కాలిపోతుందా?

ప్రశ్న కడప నుంచి వచ్చింది. క్లుప్తంగా చెప్తాను. అడిగినాయనకు ఏడు రోడ్ల దగ్గర చిన్న డీటీపీ షాపు ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఆఫీసు డెస్క్‌టాప్ కొన్నారు. 4వ తరం ఐ5, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌ను వీజీఏ (15 పిన్నుల పాత రకం) కేబుల్‌తో కలిపారు. విండోస్ 10 మళ్ళీ వేయించినప్పటి నుంచి రిజల్యూషన్ (తెర మీద అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలో ఆ లెక్క) లిస్టులో 1024×768 మించి ఏమీ కనబడటం లేదు. కస్టమ్ రిజల్యూషన్ పెట్టి, అంటే లిస్టులో లేనిదాన్ని మనమే అంకెలు రాసి చేర్చి, 1920×1080 తెప్పించుకోవచ్చా అన్నది మొదటి ప్రశ్న. పక్క షాపాయన "75 హెర్ట్జ్ పెట్టుకో, కళ్ళు నొప్పి పుట్టవు" అంటున్నాడట (తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను తాజా చేస్తుందో చెప్పేది హెర్ట్జ్, ఆ లెక్కనే రిఫ్రెష్ రేటు అంటారు), అలా పెడితే మానిటర్ కాలిపోతుందా అన్నది రెండోది.

ముందు సూటిగా జవాబు. పెట్టొచ్చు, కానీ మీకు ఇప్పుడు కావాల్సింది కస్టమ్ రిజల్యూషన్ కాదు. 1920×1080 మీ మానిటర్ సొంత రిజల్యూషన్. దాన్ని మనం చేత్తో రాసివ్వాల్సిన పనే లేదు, అన్నీ సరిగా ఉంటే అదే వస్తుంది. రావడం లేదంటే డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లేకపోయి ఉండాలి, లేదా మానిటర్ చెప్పే వివరాలు కంప్యూటర్‌కు చేరకపోయి ఉండాలి. ఆ లోపాన్ని వదిలేసి పైన కస్టమ్ పెడితే ఈరోజు పనిచేస్తుంది, రేపు విండోస్ అప్‌డేట్ రాగానే మళ్ళీ మొదటికొస్తుంది. ఇక 75 హెర్ట్జ్ సంగతి: ఎల్‌సీడీ మానిటర్ దానివల్ల కాలిపోవడం నేనైతే చూడలేదు. కాకపోతే మీ పనికి దానివల్ల ఒరిగేదీ లేదు. కళ్ళ నొప్పికీ దానికీ సంబంధం లేదు, ఎందుకో కింద చెప్తాను.

నేను అనంతపురంలో కంప్యూటర్ సర్వీసు పని చేస్తాను. మా దగ్గరకు వచ్చే వాటిలో ఎక్కువ భాగం బెంగళూరు ఎస్పీ రోడ్ నుంచి తెచ్చుకున్న పాత ఆఫీసు డబ్బాలే. కాబట్టి మీ డబ్బా ఎలాంటిదో చూడకుండానే కొంత ఊహించగలను: వెనక ఒక వీజీఏ, ఒకటో రెండో డిస్‌ప్లేపోర్టులు ఉంటాయి, హెచ్‌డీఎంఐ ఉండకపోవచ్చు.

మొదట చూడాల్సింది డివైస్ మేనేజర్. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పేరు కనబడుతుంది. అందులో డిస్‌ప్లే అడాప్టర్స్ విప్పండి. అక్కడ "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని ఉంటే సగం కథ అక్కడే అయిపోయింది. అసలు ఇంటెల్ డ్రైవరే పడలేదన్నమాట. విండోస్ మళ్ళీ వేసినవాళ్ళు ఇంటర్నెట్ లేకుండా వేసి ఇచ్చేస్తే ఇలాగే ఉంటుంది. ఆ బేసిక్ డ్రైవర్‌తో రిఫ్రెష్ రేటు మార్చడం కుదరదు, కస్టమ్ అనే మాటే ఉండదు. నెట్ కలిపి విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ చూడండి, డ్రైవర్ అక్కడ దొరుకుతుంది. లేదంటే డబ్బా తయారు చేసిన కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కొట్టి దించుకోండి. 4వ తరం ఐ5లో సాధారణంగా ఉండేది ఇంటెల్ హెచ్‌డీ 4600. దీనికి విండోస్ 10 డ్రైవర్ ఉంది. "అన్ని డ్రైవర్లూ ఒకే దాంట్లో" అంటూ తిరిగే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు, ఒక డ్రైవర్‌కు నాలుగు అక్కర్లేని ప్రోగ్రాములు వచ్చి కూర్చుంటాయి.

డ్రైవర్ సరిగానే ఉంటే అదే డివైస్ మేనేజర్‌లో కింద మానిటర్స్ అన్న వరస విప్పండి. "జెనరిక్ పీఎన్‌పీ మానిటర్" అని గానీ, మానిటర్ కంపెనీ పేరు గానీ ఉంటే మంచిది. "జెనరిక్ నాన్-పీఎన్‌పీ మానిటర్" అని ఉంటే మాత్రం దొంగ దొరికినట్టే. మానిటర్ తన వివరాలు చెప్పడం లేదు, లేదా చెప్పినా ఇటు అందడం లేదు.

ఆ వివరాలు అంటే ఏమిటో కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో సగం తిప్పలు ఇక్కడే. ప్రతి మానిటర్‌లో ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. అందులో 128 బైట్ల సమాచారం ఉంటుంది, కొత్త వాటిలో ఇంకాస్త ఎక్కువ. దాన్ని ఈడీఐడీ అంటారు. తయారీదారు ఎవరు, ప్యానెల్ సొంత రిజల్యూషన్ ఎంత, ఏయే రిఫ్రెష్ రేట్లు తట్టుకుంటుంది అన్నవి అందులో రాసి ఉంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే కేబుల్ గుండా దాన్ని చదువుకుంటుంది, ఆ ప్రకారమే మీకు లిస్టు చూపిస్తుంది. చదవలేకపోతే ఎదుట ఏముందో తెలియదు కాబట్టి ఏ మానిటరైనా తట్టుకోగల 1024×768 లాంటివే ఇచ్చి ఊరుకుంటుంది.

వీజీఏ కేబుల్‌లో ఈ సమాచారం నడిచేది 12, 15 నంబర్ల పిన్నుల మీద. ప్లగ్గులో మూడు వరసలుంటాయి. చివరి వరసలో రెండోది 12, ఆఖరుది 15. రంగులు మోసే పిన్నులు వేరు. అందుకే బొమ్మ చక్కగానే వస్తుంది, రిజల్యూషన్ మాత్రం రాదు. చవక కేబుళ్ళలో ఈ పిన్నులకు తీగే కలపని రకాలుంటాయి. కొన్నింటిలో పిన్ను వంగి లోపలికి పోయి ఉంటుంది. మీ ప్లగ్గు తీసి వెలుతురులో చూడండి. 9వ పిన్ను, అంటే మధ్య వరసలో నాలుగోది, లేకపోయినా కంగారు పడకండి, చాలా కేబుళ్ళలో అది ఉండదు. 12 గానీ 15 గానీ లేకపోతే, వంగి ఉంటే కేబుల్ మార్చండి. ఇంకో మంచి కేబుల్ అడిగి తెచ్చుకుని ఒకసారి పెట్టి చూస్తే అనుమానం తీరిపోతుంది.

మా దగ్గరే ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళకు ఇంకో రకంగా వచ్చింది. కంప్యూటర్ నుంచి ఒక స్ప్లిట్టర్, అక్కడి నుంచి ఒక తీగ మానిటర్‌కు, ఒక తీగ ప్రొజెక్టర్‌కు. మానిటర్ కొత్తది, ఫుల్ హెచ్‌డీ. అయినా 1024×768 దాటదు. వాళ్ళు మానిటర్ మార్పించారు, డ్రైవర్ మార్పించారు, చివరికి విండోస్ కూడా మార్పించారు. స్ప్లిట్టర్ మొదటి పోర్టులో ఉన్నది ప్రొజెక్టర్, దాని సొంత రిజల్యూషన్ 1024×768. స్ప్లిట్టర్ దాని వివరాలే కంప్యూటర్‌కు అందిస్తోంది. తీగలు అటూ ఇటూ మార్చాక మానిటర్‌కు 1920×1080 వచ్చింది, కానీ ప్రొజెక్టర్ ఆ సిగ్నల్ తీసుకోనంది. రెండూ ఒకేసారి కావాలంటే ఇద్దరికీ సరిపడేదే పెట్టుకోవాలి, లేదా కంప్యూటర్‌లో రెండు వేరు పోర్టులు వాడాలి. మీ షాపులో స్ప్లిట్టర్ లేదనుకుంటాను. ఉంటే మాత్రం ముందు దాన్ని తీసేసి చూడండి.

నన్నడిగితే వీజీఏనే వదిలేయమంటాను. మీ మానిటర్ వెనక డీవీఐ గానీ హెచ్‌డీఎంఐ గానీ ఉందేమో చూడండి. ఉంటే డబ్బా వెనక డిస్‌ప్లేపోర్టు నుంచి దానికి కేబుల్ వేయండి. డిజిటల్ కనెక్షన్‌లో బొమ్మ పక్కకు జరగడం, అక్షరాల పక్కన నీడ పడటం ఉండవు. డీటీపీ చేసేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. 1024×768 బొమ్మను 1920×1080 ప్యానెల్ మీద సాగదీస్తే ఇంగ్లిష్ అక్షరం ఎలాగో చదవొచ్చు, మన ఒత్తులు, గుడులు, దీర్ఘాలు మాత్రం పేస్టు పూసినట్టు అలుక్కుపోతాయి. పేజ్‌మేకర్‌లో చిన్న సైజు అక్షరాలతో ప్రూఫ్ చూసేవాళ్ళకు కళ్ళు నొప్పి పుట్టడానికి నూటికి నూరుపాళ్ళు ఇదే చాలు. మీ కళ్ళ నొప్పి ఇదేనని నా అనుమానం, రిఫ్రెష్ రేటు కాదు.

సాగదీయడంలో ఇంకో చిక్కు ఉంది. 1024×768 అనేది 4:3 ఆకారం, మీ ప్యానెల్ 16:9. నిలువు కన్నా అడ్డం ఎక్కువ సాగుతుంది. ఫ్లెక్సీలు డిజైన్ చేసే ఒకాయన ఇలాంటి స్క్రీన్ మీదే పనిచేసేవాడు. ఫొటోలో పెళ్ళికొడుకు మొహం లావుగా కనిపిస్తోందని ప్రతిసారీ కాస్త అడ్డంగా నొక్కేవాడు. ప్రింటు వచ్చాక చూస్తే మనిషి కోలమొహంతో బక్కచిక్కి ఉండేవాడు. తప్పు ప్రింటింగ్ మిషన్‌దని వాళ్ళతో గొడవ కూడా పెట్టుకున్నాడు. స్క్రీన్ మీద ఒక వృత్తం గీసి స్కేలు పెట్టి కొలవమన్నాను, అడ్డం ఎక్కువ వచ్చింది. మీరూ అలా ఒకసారి కొలిచి చూడండి. డిజైన్ పని చేసేవాళ్ళు సొంత రిజల్యూషన్ కానిది ఏదీ పెట్టుకోకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. 1920×1080లో అక్షరాలు మరీ చిన్నగా అనిపిస్తే రిజల్యూషన్ తగ్గించకండి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్ 125 శాతం పెట్టుకోండి.

ఇంత చేసినా మానిటర్ వివరాలు చెప్పకపోతే, అంటే మానిటర్‌లోని ఆ చిప్పే పోయి ఉంటే, అప్పుడు కస్టమ్ రిజల్యూషన్ పనికొస్తుంది. ఇలాంటి మానిటర్లు నిజంగానే ఉన్నాయి, పిడుగులు పడే రోజుల తర్వాత మా దగ్గరకు కొన్ని వస్తుంటాయి. ఎలా పెట్టాలో చెప్తాను.

మీది ఇంటెల్ కాబట్టి డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి గ్రాఫిక్స్ ప్రాపర్టీస్ తెరవండి. డిస్‌ప్లేలోకి వెళితే కస్టమ్ రిజల్యూషన్స్ ఉంటుంది. కొత్తగా వచ్చిన గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ 6వ తరం నుంచే పనిచేస్తుంది, కాబట్టి యూట్యూబ్‌లో చూపించే స్క్రీన్ మీకు కనబడకపోతే బెంబేలు పడకండి. కొన్ని పాత డ్రైవర్లలో ఈ వరస కనబడదు. అప్పుడు విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 లోపల కస్టమ్‌మోడ్‌యాప్ అనే ఫైలు ఉందేమో వెతకండి, అదే ఇది. తెరవగానే వేడికీ పాడవడానికీ మీదే పూచీ అన్నట్టు ఒక హెచ్చరిక వస్తుంది, చదివి ఒప్పుకోండి. తర్వాత వెడల్పు 1920, ఎత్తు 1080, రిఫ్రెష్ రేటు 60, కలర్ డెప్త్ 32. దాని కింద టైమింగ్ స్టాండర్డ్ అని ఒక గడి ఉంటుంది. జీటీఎఫ్, సీవీటీ, సీవీటీ-ఆర్‌బీ అని మూడు రకాలు, బొమ్మను కేబుల్‌లో ఏ లెక్కన పంపాలో చెప్పేవి ఇవి. ఎల్‌సీడీకి సీవీటీ-ఆర్‌బీ ఎంచుకోండి. అందరూ తడబడేది ఈ గడి దగ్గరే, కాబట్టి ఇది విడమరిచి చెప్పాలి.

స్క్రీన్ మీద కనబడే చుక్కలు 1920×1080 అయినా, కేబుల్‌లో ప్రతి ఫ్రేముకూ అంతకన్నా ఎక్కువ చుక్కలకు పట్టే సమయం ఖర్చవుతుంది. ప్రతి వరస చివరా, ప్రతి ఫ్రేము చివరా కొంత ఖాళీ వదులుతారు. దీన్ని బ్లాంకింగ్ అంటారు. శనగ చేలో గొర్రు తోలేటప్పుడు చాలు చివర ఎద్దులు మళ్ళుకోవడానికి కాస్త జాగా వదులుతాం కదా, అలాంటిది. పాత బొద్దు మానిటర్లలో, అంటే సీఆర్‌టీల్లో, ఎలక్ట్రాన్ కిరణం కుడి అంచు నుంచి ఎడమ అంచుకు తిరిగి రావడానికి ఆ సమయం నిజంగానే పట్టేది. ఎల్‌సీడీలో తిరిగి వచ్చే కిరణమే లేదు, అంత ఖాళీ అక్కర్లేదు. ఆ ఖాళీని తగ్గించిందే ఆర్‌బీ, అంటే రెడ్యూస్డ్ బ్లాంకింగ్.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. మామూలు సీవీటీలో 1920×1080ని 60 హెర్ట్జ్‌లో పంపడానికి ఖాళీతో కలిపి వరసకు 2576 చుక్కలు, మొత్తం 1120 వరసలు. వాటిని సెకనుకు 60 సార్లతో గుణిస్తే సుమారు 173 మెగాహెర్ట్జ్. దీన్నే పిక్సెల్ క్లాక్ అంటారు. సీవీటీ-ఆర్‌బీలో వరసకు 2080, మొత్తం 1111 వరసలు, క్లాక్ 138.5 మెగాహెర్ట్జ్. టీవీల కోసం పెట్టిన ప్రమాణంలో 2200, 1125, క్లాక్ 148.5. మూడింట్లోనూ మీ కంటికి కనబడేది ఒకటే బొమ్మ. కానీ సింగిల్ లింక్ డీవీఐ హద్దు 165 మెగాహెర్ట్జ్. మొదటి రకం ఆ హద్దు దాటిపోయింది, మిగతా రెండూ లోపలే ఉన్నాయి. "1080 పెడితే స్క్రీన్ నల్లగా అయిపోతోంది, కార్డు పోయిందేమో" అంటూ డబ్బా మోసుకొచ్చినవాళ్ళకు నేను ఈ గడి మార్చి పంపించిన సందర్భాలున్నాయి.

అందుకే ఎవరైనా "నా మానిటర్‌కు ఎంత హెర్ట్జ్ పెట్టొచ్చు" అని అడిగితే నేను ముందు అడిగేది ఏ తీగతో కలిపారని. పిక్సెల్ క్లాక్ మోయాల్సింది తీగా, పోర్టూ, మధ్యలో ఉన్న కన్వర్టరూ. పాత హెచ్‌డీఎంఐ, అంటే 1.2 దాకా, 165 మెగాహెర్ట్జ్. 1.3, 1.4 రకాలు 340 దాకా. 2.0 అయితే 600 దాకా. 4కె స్క్రీన్‌ను పాత హెచ్‌డీఎంఐ పోర్టుకు పెడితే 30 హెర్ట్జే వస్తుంది అనే ఫిర్యాదు ఇక్కడి నుంచే పుట్టింది. 4కె 30కి 297 కావాలి, 60కి 594 కావాలి. 1.4 పోర్టు 340 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ ఎంత కస్టమ్ పెట్టినా తీగ మోయనిది రాదు. మోయలేనిది అడిగితే ఇంటెల్ ప్యానెల్‌లో బ్యాండ్‌విడ్త్ మించిపోయిందని చెప్పి ఒప్పుకోదు. అది లోపం కాదు, దాని హద్దు చెప్తోంది.

ఇప్పుడు 75 హెర్ట్జ్ దగ్గరకు వద్దాం. పక్క షాపాయన మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. సీఆర్‌టీ రోజుల్లో 60 హెర్ట్జ్‌లో స్క్రీన్ నిజంగానే మినుకుమినుకుమనేది. ఫాస్ఫర్ వెలుగు ఒక్కో ఫ్రేముకూ ఆరిపోయి మళ్ళీ వెలగడం వల్ల కళ్ళు లాగేవి. అప్పుడు 75, 85 పెట్టుకోమని చెప్పడంలో అర్థం ఉండేది. ఎల్‌సీడీలో చుక్క వెలుగు అలా ఆరిపోదు, తర్వాతి ఫ్రేము వచ్చేదాకా అలాగే నిలబడుతుంది. ఎల్‌సీడీలో మినుకు ఉంటే అది వెనకున్న బ్యాక్‌లైట్‌ది. బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు కొన్ని మానిటర్లు లైటును వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తాయి. రిఫ్రెష్ రేటు 75 పెట్టినా దానికేమీ కాదు. ఫోన్ కెమెరా ఆన్ చేసి స్క్రీన్ వైపు పెట్టండి, తెర మీద చారలు కదులుతుంటే బ్రైట్‌నెస్ పెంచి మళ్ళీ చూడండి. చారలు పోతే మీ కళ్ళ నొప్పిలో దానికీ వాటా ఉన్నట్టే.

పేజ్‌మేకర్‌లో పనిచేసేవాళ్ళకు 75 వల్ల మౌస్ బాణం కాస్త సాఫీగా కదలడం తప్ప ఇంకేమీ రాదు. ఆటలాడే కుర్రాళ్ళకు తేడా తెలుస్తుంది, వాళ్ళ సంగతి వేరు.

అయినా సరదాకు పెట్టి చూస్తాను అంటే ఇలా చేయండి. ముందు మానిటర్ మాన్యువల్‌లో గానీ, కంపెనీ సైటులో గానీ రెండు అంకెలు చూసుకోండి. నిలువు ఫ్రీక్వెన్సీ, అంటే రిఫ్రెష్ రేటు, ఉదాహరణకు 50 నుంచి 76 హెర్ట్జ్. అడ్డ ఫ్రీక్వెన్సీ, ఉదాహరణకు 30 నుంచి 83 కిలోహెర్ట్జ్. అందరూ మొదటిది చూసి "76 దాకా ఉందిగా" అనుకుంటారు, రెండోది చూడరు. మొత్తం వరసలను రిఫ్రెష్ రేటుతో గుణిస్తే అడ్డ ఫ్రీక్వెన్సీ వస్తుంది. సీవీటీ-ఆర్‌బీలో 75కు 1119 వరసలు, అంటే సుమారు 83.9 కిలోహెర్ట్జ్. 83 హద్దున్న మానిటర్‌కు అది కాస్త మించింది. కొన్ని నెట్టుకొస్తాయి, కొన్ని "అవుట్ ఆఫ్ రేంజ్" అని తెర మీద రాసి ఊరుకుంటాయి. 70కి అయితే 1116 వరసలు, 78 కిలోహెర్ట్జ్ పైచిలుకు, హాయిగా సరిపోతుంది.

పిక్సెల్ క్లాక్ కూడా చూడాలి. 70కి 162.5 దగ్గర, 75కు 174.5 దగ్గర వస్తుంది. మీరు నా మాట విని డిస్‌ప్లేపోర్టు నుంచి డీవీఐకి చవక కన్వర్టర్ వేసుకుంటే దాని హద్దు మళ్ళీ 165 అయ్యే అవకాశమే ఎక్కువ. అంటే 70 వస్తుంది, 75 రాదు. వీజీఏకు ఇలా గీత గీసిన హద్దు లేదు గానీ, క్లాక్ పెరిగేకొద్దీ అక్షరం అంచు మసకబారుతుంది. డీటీపీ వాళ్ళు వీజీఏలో 75 పెట్టడమంటే ఉన్న చూపు పోగొట్టుకోవడమే.

ఒక్కసారే 75కు ఎగరకుండా 65, 70, 72 అంటూ పెంచండి. ప్రతి మెట్టు దగ్గరా కాసేపు వాడి చూడండి. మెరుపులు, చుక్కలు, మధ్యమధ్య నల్లగా అయి రావడం కనిపిస్తే ఒక మెట్టు దిగండి. ఇంకోటి, లిస్టులో 75 కనబడినంత మాత్రాన ప్యానెల్ 75 చూపిస్తోందని కాదు. జేఎన్‌టీయూ హాస్టల్ కుర్రాడొకడు తన మానిటర్‌ను 75కు పెంచానని సంబరంగా చూపించాడు. టెస్ట్ యూఎఫ్ఓ సైటులో ఫ్రేమ్ స్కిప్పింగ్ పరీక్ష పెట్టి, ఫోన్‌లో షట్టర్ కాసేపు తెరిచి ఉండేలా ఫొటో తీయించాను. వరసగా వెలగాల్సిన గళ్ళలో మధ్యమధ్య ఖాళీలున్నాయి. మానిటర్ 75 ఫ్రేములు తీసుకుని, కొన్ని పారేసి, 60 మాత్రమే చూపిస్తోంది. ఇలాంటప్పుడు కదలిక మునుపటికన్నా కుదుపుగా ఉంటుంది. వాడు చూసి మారుమాట లేకుండా 60కి వచ్చేశాడు.

కాలిపోవడం గురించి. హద్దు దాటిన సిగ్నల్ వస్తే ఎల్‌సీడీ తనకు తానే బొమ్మ ఆపేసుకుంటుంది. పాత సీఆర్‌టీల్లో కొన్నింటికి తప్పుడు ఫ్రీక్వెన్సీ నిజంగానే ప్రమాదం, భయం అక్కడి నుంచి వచ్చిందే. అయినా హద్దు అంచున రోజంతా నడిపితే లోపలి బోర్డు మామూలు కన్నా కాస్త వేడెక్కుతుంది. మన దగ్గర మే నెలలో బయట 42, 43 డిగ్రీలుంటాయి. ఏసీ లేని షాపులో రేకుల కింద ఉన్న పాత మానిటర్‌ను ఆ వేడి మీద ఇంకాస్త తోయడం నాకు నచ్చదు. మీ మానిటర్‌కు అసలు శత్రువు కరెంటు హెచ్చుతగ్గులు. ఆ 75 మోజుకు పెట్టే శ్రద్ధ ఒక మంచి యూపీఎస్ మీద పెట్టమంటాను.

స్క్రీన్ నల్లగా అయిపోతే ఏం చేయాలో ముందే తెలుసుకుని మొదలుపెట్టండి. విండోస్ సెట్టింగ్స్‌లో మార్చినప్పుడు 15 సెకన్లు ఆగి, మీరు ఒప్పుకోకపోతే పాతదానికి తనే వెనక్కొస్తుంది. ఆ 15 సెకన్లలో కంగారుపడి ఎంటర్ కొట్టొద్దు, చేతులు కట్టుకుని కూర్చోండి. అలా రాకపోతే వేరే మానిటర్ గానీ ఇంట్లో టీవీ గానీ తగిలించండి. కస్టమ్ సెట్టింగ్ సాధారణంగా ఆ మానిటర్ పేరు మీదే గుర్తుంటుంది, కొత్తది తగిలిస్తే మామూలుగా వస్తుంది. అప్పుడు పాతది తీసేయొచ్చు. అదీ కుదరకపోతే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలి. విండోస్ 10లో ఎఫ్8 మామూలుగా పనిచేయదు. బూట్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం రెండు మూడుసార్లు చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది. అందులో స్టార్టప్ సెట్టింగ్స్‌లో లో-రిజల్యూషన్ వీడియో అనే దారి కూడా ఉంటుంది, మనకు అదే చాలు.

ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. ఎన్‌విడియా కార్డు ఉంటే కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్ కింద కస్టమైజ్ బటన్ ఉంటుంది, అందులోనే టెస్ట్ చేసి చూసుకోవచ్చు. ఏఎండీ వాళ్ళకు అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద ఉంటుంది. ఇవేవీ ఒప్పుకోనప్పుడు కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ, అందరూ సీఆర్‌యూ అంటారు, దాన్ని వాడతారు. అది మానిటర్‌ను ముట్టుకోదు. విండోస్ రిజిస్ట్రీలో మానిటర్ వివరాలకు బదులుగా మనం రాసింది చదివేలా చేస్తుంది. దానితోపాటు వచ్చే రీసెట్-ఆల్ ఫైలును ముందే డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. లినక్స్‌లో ఎక్స్ఆర్ఆండ్ఆర్ అనే కమాండ్ ఉంది గానీ వేలాండ్ (తెరను నడిపే కొత్త పద్ధతి) మీద నడిచే డెస్క్‌టాప్‌లో దానితో కొత్త మోడ్ చేర్చలేరు, లాగిన్ అయ్యేటప్పుడు పాత పద్ధతి అయిన ఎక్స్ సెషన్ ఉంటే అది ఎంచుకోవాలి.

టీవీని మానిటర్‌గా వాడేవాళ్ళు "1366×768 పెడుతుంటే 1360 అవుతోంది, లేదా 1368 అవుతోంది" అంటుంటారు. సీవీటీ లెక్కలో వెడల్పు 8తో భాగించబడాలి, 1366 భాగించబడదు. 1360 పెట్టుకుని, టీవీ మెనూలో అంచులు కోయకుండా చూపించే సెట్టింగ్ ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది, జస్ట్ స్కాన్ అనో స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది. అలాగే లిస్టులో 59, 60 రెండూ కనబడితే ఏది పెట్టినా ఒకటే, 59 అని చూపించేది నిజానికి 59.94.

కడప సోదరుడికి: ముందు డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్, మానిటర్స్ అన్న ఆ రెండు వరసల్లో ఏముందో చూసి ఇక్కడే కింద రాయండి. మానిటర్ వెనక స్టిక్కరు మీది మోడల్ నంబరు, డబ్బా వెనక ఏయే పోర్టులున్నాయో కూడా రాయండి. కన్వర్టర్ ఏది కొనాలో అప్పుడు చెప్తాను, అంతదాకా కొనకండి.